తలుపు దించే కావలి: కంప్యూటర్ నెట్‌వర్కుల రక్షణ చరిత్ర

ధవళేశ్వరం వద్ద గోదావరికి వరద వచ్చినప్పుడు రెండు రకాల పనులు జరుగుతూ ఉంటాయి. మొదటిది గేజి చూడడం. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతుంది. ఆ కబురు కోనసీమ లంకల దాకా పోతుంది. పడవలు సిద్ధం చేస్తారు, పశువులను గట్టెక్కిస్తారు. రెండవది తలుపుల పని. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల తలలవద్ద ఉన్న స్లూయిస్ తలుపులు దించి, వరద కాలువలలోకి చొరబడకుండా ఆపుతారు. గేజి చూసేవాడు లేని ముప్పును ఉన్నదని చెబితే ఒక వృథా హెచ్చరిక పోతుంది. జనం విసుక్కుంటారు, అంతే. తలుపు దగ్గర ఉన్నవాడి సంగతి వేరు. దించవలసినప్పుడు దించకపోతే కాలువకు గండి పడుతుంది. దించరానప్పుడు దించితే చేలు ఎండుతాయి.

కంప్యూటర్ల ప్రపంచంలోనూ ఈ రెండు ఉద్యోగాలూ ఉన్నాయి. దారి పక్కన నిలబడి, దొంగ వస్తున్నాడని కేకవేసే యంత్రాన్ని చొరబాటు గుర్తింపు వ్యవస్థ అంటారు. దారికి అడ్డంగా నిలబడి, వచ్చినవాడు దొంగ అని తోచగానే తానే తలుపు మూసే యంత్రాన్ని చొరబాటు నిరోధక వ్యవస్థ అంటారు. మొదటిదాని నుంచి రెండవదాని వరకు రావడానికి ఇరవై ఏళ్లు పైగా పట్టింది. యంత్రాలను తయారుచేయడం తెలియక కాదు. తలుపు తాళాన్ని యంత్రం చేతికి ఇవ్వడానికి మనుషులకు ధైర్యం చాలక.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్టతో గోదావరి డెల్టాలో నీటికి ఒక పెద్ద జాలం ఏర్పడింది. అదే డెల్టా కొసన, అంతర్వేదికి దగ్గరలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరు 29న మరొక జాలం ప్రారంభమైంది. రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్ గ్రిడ్ పథకాన్ని నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు అక్కడే ఆరంభించారు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన గాజు తీగ ద్వారా నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టెలివిజను, టెలిఫోను ఇంటింటికీ ఇచ్చే పథకం అది. కాలువలో నీటితోపాటు గుర్రపుడెక్క కొట్టుకువచ్చినట్లే, ఈ తీగలో మంచి సమాచారంతోపాటు చెడు సమాచారమూ వస్తుంది. బ్యాంకు ఖాతా, పొలం పత్రాలు, చౌకడిపోలో వేలిముద్ర పెట్టే యంత్రం అన్నీ తీగల మీద ఆధారపడిన కాలంలో ఇది చిన్న విషయం కాదు.

ఈ తీగలలో సమాచారం ఏకధారగా ప్రవహించదు. చిన్నచిన్న పొట్లాలుగా తెగి, ఒక్కొక్క పొట్లం తన మీద చిరునామా రాసుకొని ప్రయాణిస్తుంది. వీటిని ప్యాకెట్లు అంటారు. గమ్యం చేరిన తర్వాత అవతలి కంప్యూటర్ వాటిని వరుసగా అతికి, పూర్తి ఉత్తరంగా చదువుకుంటుంది. ఫైర్‌వాల్ అనే పాతకాలపు కావలి ముఖ్యంగా కవరు మీది చిరునామా చూసి లోపలికి పంపుతుంది. చిరునామా సరిగా ఉండి, ఉత్తరంలోనే విషం ఉంటే దానికి తెలియదు. చొరబాటు నిరోధక వ్యవస్థ కవరు విప్పి ఉత్తరం చదువుతుంది.

ఈ చదవడం అనే ఆలోచన మొదట ఎవరిదో చెప్పాలంటే జేమ్స్ ఆండర్సన్ పేరు చెప్పాలి. 1980లో అతడు అమెరికా వైమానిక దళం నిమిత్తం ఒక నివేదిక రాశాడు. కంప్యూటర్లు ఎట్లాగూ ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలు తెరిచారో చిట్టా రాసుకుంటూనే ఉంటాయి. ఆ చిట్టాను యంత్రం చేతనే చదివించి, మామూలు నడవడికకు భిన్నమైనదాన్ని ఏరించవచ్చునని అందులో సూచించాడు. డోరతీ డెన్నింగ్ అనే శాస్త్రజ్ఞురాలు దీనికి గణిత రూపం ఇచ్చి 1987లో ప్రకటించింది. పగలు పది గంటలకు పనికి వచ్చే గుమాస్తా అర్ధరాత్రి రెండు గంటలకు జీతాల ఫైలు తెరిచాడంటే, ఆ గుమాస్తా పేరుతో మరొకడు వచ్చి ఉండవచ్చును. ఆమె నమూనా సారాంశం ఇదే.

గోదావరికి ఆ మహావరద వచ్చి, ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయినది 1986 ఆగస్టులో. సరిగా ఆ నెలలోనే కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడికి లెక్కలలో 75 సెంట్ల తేడా కనిపించింది. కంప్యూటర్ వాడుకున్న కాలానికి ఎవరో డబ్బు కట్టలేదు. అంత చిన్న మొత్తాన్ని మరొకడైతే వదిలేసేవాడు. స్టోల్ వదలలేదు. లోపలికి వచ్చే టెలిఫోను తీగలకు ప్రింటర్లు తగిలించి, చొరబడినవాడు కొట్టే ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి ఎక్కించాడు. ఆ దొంగ జర్మనీలోని హానోవర్ నగరంనుంచి వస్తున్నాడనీ, సైనిక రహస్యాల కోసం వెదుకుతున్నాడనీ నెలల తరబడి వెంటాడిన తర్వాత తేలింది.

ఆ కథలో ఒక చిన్న సంఘటన ఈ వ్యాసానికి ముఖ్యం. దొంగను పట్టుకోవాలంటే వాణ్ని రానిస్తూ ఉండాలి; అయితే నిజంగా ప్రమాదకరమైన ఫైలు వాడి చేతికి పోరాదు. అట్టి సమయాలలో స్టోల్ తన జేబులోని తాళపుచెవుల గుత్తి తీసి ఆ తీగ కొసల మీద ఆడించేవాడు. లైనులో గరగర పుట్టి, అక్షరాలు చెడిపోయేవి. టెలిఫోను లైనే బాగాలేదని దొంగ అనుకునేవాడు. చొరబాటును దారిలోనే చెడగొట్టడమంటే ఇదే. చొరబాటు నిరోధక వ్యవస్థలకు ఆదిపురుషుడిని వెదకదలచినవారు ఆ తాళాల గుత్తిని మరచిపోరాదు.

అయితే తాళాల గుత్తి పట్టుకొని మనిషి నిలబడడం ఒక దొంగ విషయంలోనే సాధ్యం. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి విడిచిన పురుగు ఒక కంప్యూటర్‌నుంచి మరొకదానికి తనంతట తానే పాకింది. నాటి ఇంటర్నెట్‌లో ఉన్న సుమారు 60,000 యంత్రాలలో 6,000 దాకా మూలబడ్డాయని ఒక అంచనా. ఆ దెబ్బతోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆపత్సమయ సహాయ కేంద్రం ఏర్పడింది. భారతదేశంలో సెర్ట్-ఇన్ అనే కేంద్రం 2004 జనవరిలో పనిచేయడం ప్రారంభించింది. 1990లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో టాడ్ హెబర్లీన్, అతడి సహచరులు ఒక్కొక్క యంత్రపు చిట్టాను కాక, తీగలో పోయే ప్యాకెట్లనే నేరుగా చదివే పరికరాన్ని తయారుచేశారు. గేజి కంప్యూటర్ లోపలినుంచి కాలువ గట్టు మీదికి వచ్చిందన్నమాట.

1998 చివర మార్టిన్ రోష్ అనే యువకుడు స్నార్ట్ అనే ప్రోగ్రామును రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని విడుదల చేశాడు. అది తన దగ్గర గుర్తుల పట్టీ ఒకటి ఉంచుకుంటుంది. ఏ ప్యాకెట్‌లో ఏ అక్షరాల వరుస కనిపిస్తే ఏ దాడి జరుగుతున్నట్లో ఆ పట్టీలో ఉంటుంది. పోలీసు స్టేషనులో పాత నేరస్థుల ఛాయాచిత్రాల వంటిది అనుకోవచ్చును. పట్టీని వేలాదిమంది కలసి పెంచారు; స్నార్ట్ ప్రపంచమంతా వ్యాపించింది.

కాని ఆ సంవత్సరమే టామస్ ప్టాసెక్, టిమొతీ న్యూషామ్ అనే ఇద్దరు, గట్టు మీద కూర్చున్న కావలిని ఎంత సులభంగా మోసగించవచ్చునో ఒక పత్రంలో చూపించారు. వారి యుక్తిని ఇంటి భాషలో ఇట్లా చెప్పవచ్చును. ఒకడు మోరికి ఒక దుష్టమైన ఉత్తరం పంపదలచాడు. దాన్ని ముక్కలుగా చింపి వేరువేరు కవర్లలో వేశాడు; మధ్యలో సంబంధంలేని ముక్క ఒకటి కలిపి, దానికి మాత్రం స్టాంపు చాలకుండా పంపాడు. రాజమండ్రి తపాలా కార్యాలయంలో కూర్చున్న కావలివాడు అన్ని ముక్కలనూ అతికి చదివితే అర్థంలేని మాట కనిపిస్తుంది. పోనీ అని ఊరుకుంటాడు. స్టాంపు చాలని ముక్క దారిలో ఆగిపోతుంది. మోరిలో చదివేవాడికి అది చేరదు గనుక, అతడికి దుష్టమైన ఉత్తరమే చక్కగా కుదురుతుంది. కావలివాడు చదివినది ఒకటి, యజమాని చదివినది మరొకటి! ఈ తేడా పూర్తిగా పోవాలంటే కావలివాడు గట్టు దిగి తపాలా దారిలోనే నిలబడి, తాను అతికిన ఉత్తరాన్నే ముందుకు పంపాలి. నిరోధక వ్యవస్థ దారికి అడ్డంగా రావలసిన కారణాలలో ఇది ఒకటి.

రాకుండా ఆపిన కారణం అంతకంటె బలమైనది. అది ఒక లెక్క. ఒక కార్యాలయంలోకి రోజుకు 10 లక్షల సందేశాలు వస్తున్నాయనీ, వాటిలో 100 మాత్రమే దాడులనీ అనుకుందాం. కావలియంత్రం దాడి అయిన దాన్నల్లా పట్టుకుంటుంది. మంచి సందేశాల విషయంలో నూటికి ఒక్కసారి పొరపడుతుంది. వినడానికి గొప్ప యంత్రమే. కాని మంచివి 10 లక్షలకు దగ్గరగా ఉన్నాయి గనుక, నూటికి ఒకటి చొప్పున సుమారు 10,000 తప్పుడు కేకలు వేస్తుంది. అంటే ప్రతి 101 కేకలలో నిజమైనది ఒక్కటే. స్టీఫన్ యాక్సెల్సన్ 1999లో ఈ చిక్కును చక్కగా వివరించాడు. కేకలే అయితే ఉద్యోగి చెవులు మూసుకుంటాడు. అవి మూసిన తలుపులైతే 10,000 మంది నిజమైన మనుషులు బయట నిలబడిపోతారు.

ఈ తప్పుడు కేకలను తగ్గించే పనిలో గోదావరి సీమ చదువు ఒకటి పాలుపంచుకున్నది. నాటి తూర్పు గోదావరి జిల్లాలోని తునిలో బడిచదువు సాగించిన వేమూరి వేంకటేశ్వరరావు గారు డేవిస్‌లో, అనగా హెబర్లీన్ పరికరం పుట్టిన విశ్వవిద్యాలయంలోనే, ఆచార్యులయ్యారు. తెలుగు పాఠకులు ఆయనను జీవరహస్యం, రసగంధాయ రసాయనం వంటి పుస్తకాల వల్లా, ఆయన కూర్చిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు వల్లా ఎరుగుదురు. యిహువా లియావ్‌తో కలసి ఆయన 2002లో ప్రకటించిన పద్ధతిలో మాటలు ఏరి కూర్చేవారి చూపు స్పష్టంగా కనిపిస్తుంది. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ఫైలు తెరువు, చదువు, మూయి అని ఆపరేటింగ్ సిస్టంను పదేపదే పిలుస్తూ ఉంటుంది. ఆ పిలుపులను మాటలుగానూ, ప్రోగ్రామును ఒక వ్యాసంగానూ భావించమన్నారు. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే, ఒక వ్యాసం వంట గురించో వ్యవసాయం గురించో చదవకుండానే చెప్పవచ్చును. అదే విధంగా కొత్త ప్రోగ్రాము పిలుపులను లెక్కపెట్టి, ఇదివరకు చూసిన మంచి ప్రోగ్రాములలో దానికి అతి దగ్గర పోలిక ఉన్న కొన్నిటితో సరిచూస్తారు. ఆ ఇరుగుపొరుగుతో పోలిక కుదిరితే సరి, కుదరకపోతే అనుమానించాలి. పాత నేరస్థుల ఛాయాచిత్రాలు లేకపోయినా కొత్త దొంగను పట్టడానికి ఇది ఒక దారి. ప్రయోగ దత్తాంశాలపై తప్పుడు కేకలు తక్కువగానే వచ్చాయి.

ఇట్లా పండితులు మెల్లగా సాగుతుండగా, పక్కన నిలబడి కేకవేయడం ఎందుకూ చాలదని ఒక్క ఉదయంలో తేలిపోయింది. 2003 జనవరి 25, భారత కాలమానం ప్రకారం పగలు 11 గంటల వేళ స్లామర్ అనే పురుగు బయలుదేరింది. దాని మొత్తం శరీరం 376 బైట్లు. తెలుగులో రాస్తే మూడు నాలుగు వాక్యాలంత. అది పట్టిన యంత్రాల సంఖ్య మొదట ప్రతి 8.5 సెకన్లకు రెట్టింపయింది. పట్టదగిన యంత్రాలలో నూటికి 90 వంతులు పది నిమిషాలలో దాని వశమైనాయి. బాధితమైన యంత్రాలు కనీసం 75,000. అమెరికాలో కొన్ని బ్యాంకుల నగదు యంత్రాలు నిలిచిపోయాయి. గేజి చూసేవాడు చూసి, కబురు పంపి, అవతలివాడు లేచి తలుపు దగ్గరికి నడిచేసరికి వరద సముద్రంలో కలిసిపోయింది. ఈ లోపాన్ని సరిచేసే సవరణను తయారీదారు ఆరునెలల ముందే ఇచ్చి ఉండడం మరొక సంగతి.

దారిలో నిలబడే యంత్రాలు అప్పటికి లేకపోలేదు. 1990ల చివర బ్లాక్ ఐస్ అనే ప్రోగ్రామూ, 2002లో టిప్పింగ్ పాయింట్ సంస్థ పరికరమూ ఆ పనికే వచ్చాయి. స్లామర్ తర్వాత వాటికి గిరాకీ పెరిగింది. స్నార్ట్ కూడా 2005 నాటి రూపంలో దారికి అడ్డంగా నిలబడి ప్యాకెట్లను పారవేసే శక్తి సంపాదించింది. గుర్తింపు వ్యవస్థలకు 2005 నాటికే కాలం చెల్లుతుందని గార్ట్‌నర్ అనే సలహా సంస్థ 2003లో జోస్యం చెప్పింది. ఆ జోస్యం ఫలించలేదు. తలుపులు వచ్చినంత మాత్రాన గేజిలు పీకివేయరు గదా!

నిరోధక యంత్రం లోపల జరిగేది స్థూలంగా ఇది. ప్యాకెట్ రాగానే దాన్ని మిగతా ముక్కలతో వరుసగా అతుకుతుంది. అది ఏ భాషలోని సంభాషణో గుర్తించి, ఆ భాష వ్యాకరణం ప్రకారం విడదీస్తుంది. తర్వాత వేలకొలది గుర్తులతో ఏకకాలంలో సరిచూస్తుంది. అనుమానం రూఢి అయితే ఆ ప్యాకెట్‌ను పారవేసి, సంభాషణను తెంచుతుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతుకన్న తక్కువ కాలంలో జరగాలి. లేకపోతే కావలివాడే రద్దీకి కారణమవుతాడు. గుర్తులు రాయడంలోనూ నేర్పు పెరిగింది. దొంగ ముఖాన్ని గుర్తుపెట్టుకుంటే వాడు రేపు గడ్డం పెంచుకొని వస్తాడు. అందువల్ల ఇంట్లో ఏ కిటికీ విరిగి ఉన్నదో గుర్తుపెట్టుకొని, ఆ కిటికీ వైపు ఎవరు వచ్చినా ఆపడం మేలు. స్లామర్ విషయంలో ఆ కిటికీ 1434వ రేవు. అక్కడికి 04 అనే బైటుతో మొదలై, ఉండవలసిన పొడవుకు మించిన పేరుతో వచ్చే సందేశమేదైనా ఆపితే, పురుగు ఎన్ని వేషాలు మార్చినా లోపలికి రాలేదు.

ఇక మిగిలినది లాకుల దగ్గర పనిచేసినవారికి వెంటనే తోచే ప్రశ్న. యంత్రానికే కరెంటు పోతే తలుపు ఏ స్థితిలో ఆగాలి? తెరిచి ఆగితే దొంగకు దారి; మూసి ఆగితే అందరికీ ఆటంకం. ఆస్పత్రిలో తెరిచి ఉంచడం, రహస్య పత్రాల కార్యాలయంలో మూసి ఉంచడం సబబుగా తోస్తుంది. కొనేవారు ముందే ఆలోచించి నిర్ణయించుకోవలసినది ఇదే, చాలామంది ఆలోచించరు.

కావలివాడే బలహీనుడైతే ఏమవుతుందో 2004 మార్చిలో విట్టీ అనే పురుగు చూపించింది. అది దాడిచేసినది బ్లాక్ ఐస్‌నూ, అదే సంస్థ తయారుచేసిన ఇతర రక్షణ ప్రోగ్రాములనూ. లోపం వెల్లడైన ఒకటి రెండు రోజులకే వచ్చి, సుమారు 12,000 యంత్రాలను పట్టి, వాటి డిస్కుల మీద పిచ్చిరాతలు రాసి చెడగొట్టింది. కావలి పెట్టుకోనివారు ఆ రోజు సుఖంగా ఉన్నారు.

తెలుగునాట ఈ సంగతులు ఇంటింటి మాట అయినది 2017 మే నెలలో. మే 12న బయలుదేరిన వాన్నాక్రై అనే పురుగు 150కి పైగా దేశాలలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను పట్టి, ఫైళ్లను చదవరాని సంకేతాలుగా మార్చి, డబ్బు చెల్లించమన్నది. మరునాటికే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పేర్లు వినవచ్చాయి. ఇక్కడా సవరణ మార్చి 14నే వచ్చి ఉన్నది. పాత యంత్రాలను వెంటనే సవరించలేని చోట్ల, ఆ విరిగిన కిటికీకి ఎదురుగా నిలబడిన నిరోధక యంత్రాలు చాలా మేలు చేయగలిగాయి.

కాని అదే పురుగు విషయంలో ఒక వింత జరిగింది. వాన్నాక్రై పని మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్‌లో ఒక విచిత్రమైన చిరునామాను పలకరించేది. జవాబు వస్తే ఊరుకునేది. మార్కస్ హచిన్స్ అనే ఆంగ్ల యువకుడు ఆ చిరునామాను కొని జవాబు ఇప్పించడంతో వ్యాప్తి ఆగింది. కొన్ని కార్యాలయాల రక్షణ యంత్రాలు మాత్రం అది పురుగుకు సంబంధించిన చిరునామా గనుక చెడ్డదని తలచి, దానికి దారి మూసివేసే ప్రమాదం వచ్చింది. దారి మూస్తే జవాబు రాదు. జవాబు రాకపోతే పురుగు విజృంభిస్తుంది. ఆ చిరునామాను ఆపవద్దని బ్రిటిష్ ప్రభుత్వ రక్షణ కేంద్రం ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది.

తప్పుగా మూసిన తలుపుకు అన్నిటికన్న పెద్ద ఉదాహరణ 2024 జూలై 19. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ కావలి ప్రోగ్రాము తీగ మీద కాక ఒక్కొక్క కంప్యూటర్ లోపలే కూర్చుంటుంది. ఆ రోజు భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు దానికి కొత్త గుర్తుల పట్టీ వచ్చింది. ప్రోగ్రాము 20 అంశాలకు సిద్ధపడి ఉండగా, పట్టీ 21వ అంశాన్ని కూడా చూడమన్నది. లేని దాన్ని చూడబోయి ప్రోగ్రాము కూలింది; తనతోపాటు విండోస్‌ను కూల్చింది. 78 నిమిషాలలో పట్టీని వెనక్కు తీసుకున్నారు. అప్పటికే సుమారు 85 లక్షల యంత్రాలు నీలిరంగు తెరతో నిలిచిపోయాయి. ఒక్క దొంగ కూడా రాలేదు. వాటిలో చాలా యంత్రాల దగ్గరికి మనిషి స్వయంగా వెళ్లి, ఆ ఒక్క ఫైలును చెరిపివేయవలసి వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు కలకత్తా వెళ్లే ప్రయాణికులకు విమానం ఎక్కే చీట్లను ఉద్యోగులు పేరు, విమానం సంఖ్య, సీటు సంఖ్య కలంతో రాసి ఇచ్చారు.